రీల్స్‌లో వినిపించే ఆ గొంతు ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి చెన్నై నగరం నుంచీ, దాని శివారు ప్రాంతాల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రీల్స్‌లోనూ షార్ట్స్‌లోనూ పదేపదే వినిపించే పాటలు, అందులోనూ గాయనులు పాడినవి, మన ఇళ్లలో ఎన్ని వాదాలకు కారణమవుతున్నాయో ఆ ఉత్తరాలు చదివితే అర్థమైంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పెద్ద ఉత్తరాలను కొంత కుదించి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా మనవరాలు ఫోనులో ‘కణ్మణి అన్బోడు’ పాటను అరనిమిషం ముక్కగా రోజుకు పదిసార్లు వింటోంది. అది జానకి గారి గొంతని నేను చెబితే, ‘కాదు నాయనమ్మా, అది మొన్న వచ్చిన మలయాళం సినిమా పాట’ అని నన్నే దిద్దుతోంది. మేము పడుచువాళ్లుగా ఉన్నప్పుడు విన్న పాట ఇన్నేళ్లకు పిల్లల చేతుల్లోకి ఎలా వచ్చింది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, పెరంబూరు

జవాబు: మీ మనవరాలి మాటలో కొంత నిజముంది, మీ మాటలో పూర్తి నిజముంది. ఆ పాట 1991లో వచ్చిన ‘గుణ’ చిత్రంలోది. వాలి రాయగా ఇళయరాజా స్వరపరిచారు, కమల్ హాసన్‌తో కలిసి ఎస్. జానకి పాడారు. మన ఇళ్లలో దీని తెలుగు రూపం ‘కమ్మని ఈ ప్రేమలేఖనే’ కూడా అంతే పరిచయం. 2024లో వచ్చిన మలయాళ చిత్రం ‘మంజుమ్మెల్ బాయ్స్’ కొడైకెనాల్‌లోని గుణ గుహలో జరిగిన ఒక నిజమైన ప్రమాదాన్ని చూపింది. ఆ గుహకు ఆ పేరు వచ్చింది ‘గుణ’ చిత్రీకరణ వల్లనే కనుక, ఈ చిత్రంలో ఆ పాట వాడుకోవడం చాలా సహజంగా కుదిరింది. ప్రాణస్నేహితుడి కోసం పడే ఆరాటానికి ప్రేమలేఖ పాటను జతచేయడంతో దాని అర్థమే కొత్తదైపోయింది, ఆ ముక్క వెంటనే రీల్స్‌లోకి ఎగబాకింది. ఆ వాడకం మీద ఇళయరాజా తరఫున 2024 మే నెలలో నిర్మాతలకు నోటీసు వెళ్లడమూ మీరు పత్రికల్లో చూసే ఉంటారు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. బ్రిటన్ గాయని కేట్ బుష్ 1985లో విడుదల చేసిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ఒక అమెరికన్ ధారావాహికలో వినిపించిన కారణంగా 2022 జూన్‌లో, అంటే 37 ఏళ్ల తరువాత, బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. లతా మంగేష్కర్ 1954లో ‘నాగిన్’ చిత్రానికి హేమంత్ కుమార్ సంగీతంలో పాడిన ‘మేరా దిల్ యే పుకారే ఆజా’ కథ ఇంకా విచిత్రం. 2022 చివరలో పాకిస్తాన్‌లో ఒక పెళ్లి వేడుకలో ఒక అమ్మాయి ఆ పాట కొత్త మిశ్రమానికి ఆడిన ఆట వీడియో సరిహద్దు దాటి వచ్చి, మన దేశంలో కూడా వేలమంది చేత అదే ఆట ఆడించింది. లత గారు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కన్నుమూశారు. అమెరికన్ గాయని కానీ ఫ్రాన్సిస్ (Connie Francis) 1962లో పాడిన ‘ప్రెటీ లిటిల్ బేబీ’ నిజానికి ఆమె పెద్ద విజయాల్లో ఒకటి కాదు, అది తన పాటేనని ఆమెకు వెంటనే గుర్తుకు కూడా రాలేదట. 2025లో అది ప్రపంచమంతటా చిన్న వీడియోలకు నేపథ్యమైంది. అదే ఏడాది జూలైలో, 87 ఏళ్ల వయస్సులో ఆమె మరణించారు. బతికుండగా ఆ సంబరం చూడగలిగారన్నది నాకు కొంత ఊరట.

ఇక ఎలా వచ్చిందన్న మీ ప్రశ్న. పాట చిన్న వీడియోకు పనికిరావాలంటే దానిలో ఎక్కడో ఒకచోట పదిహేను, ఇరవై సెకన్లలో తనంత తాను పూర్తయ్యే ముక్క ఉండాలి. ముందూ వెనకా తెలియకపోయినా ఒక భావం అందాలి. వీడియో ముగిసి మళ్లీ మొదలైనప్పుడు చెవికి కుదుపు తగలకూడదు. మన పాత సినిమా పాటల పల్లవులు సరిగ్గా అలాంటివి, ఎందుకంటే ప్రేక్షకుడు హాలు దాటి బయటికి వచ్చేటప్పుడు పల్లవిని నోట్లో వేసుకుని వెళ్లాలన్న లెక్కతోనే అప్పటి స్వరకర్తలు కట్టేవారు. దీనికి తోడు, ఫోనులో ఉండే గోరంత స్పీకరు మంద్రస్థాయి నాదాన్ని సరిగా పలికించలేదు. తబలా జోడీలోని డగ్గా మోత, గిటారు అడుగుస్వరం, బరువైన మగగొంతు అందులో పలచబడిపోతాయి, స్త్రీ గొంతు మాత్రం బస్సు రొదలో కూడా స్పష్టంగా చేరుతుంది. గాయనుల పాటలు ఎక్కువగా ఎందుకు తిరుగుతున్నాయన్న దానికి ఇదొక్కటే కారణమని చెప్పను కానీ, ఇదీ ఒక కారణమే.

మీ మనవరాలితో వాదం పెట్టుకోకుండా, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని పాట మొత్తం వినిపించండి. అప్పటి గుంటూరు జిల్లా పల్లపట్లలో పుట్టి, 1957లో ఈ నగరంలోనే సినిమాపాట మొదలుపెట్టిన మనిషి గొంతు అది అని చెప్పండి. ఆ తరువాత ఆమెకు మలయాళం సినిమా పేరు గుర్తున్నా నష్టం లేదు.

ప్రశ్న: రీల్ కింద చాలాసార్లు ‘ఒరిజినల్ ఆడియో’ అని మాత్రమే ఉంటుంది. పాడినవారి పేరు కనుక్కోవడం ఎలా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోలింగనల్లూరు

జవాబు: ‘ఒరిజినల్ ఆడియో’ అన్న మాటకు అసలు పాట అని అర్థం కాదు. వీడియో పెట్టిన వ్యక్తి తన ఫోనులోంచి శబ్దాన్ని తానే ఎక్కించాడని మాత్రమే అర్థం. ఎవరో థియేటరులో పట్టుకున్న ముక్క అయినా, లత గారి పాట అయినా, ఆ మాట కిందికే వస్తుంది. దాని మీద నొక్కితే ఆ శబ్దాన్ని మొదట ఎక్కించిన ఖాతా కనిపిస్తుంది, అక్కడి వ్యాఖ్యల్లో ఎవరో ఒక పుణ్యాత్ముడు పాట పేరు రాసే ఉంటాడు. లేకపోతే షజామ్ వంటి గుర్తింపు యాప్‌కు వినిపించవచ్చు, అయితే వేగం మార్చిన పాటల దగ్గర అది తరచూ తడబడుతుంది. పాట పేరు దొరికాక కూడా పని పూర్తికాదు. మన సినిమా ఆల్బముల్లో మొదటి పేరుగా స్వరకర్త ఉంటారు, ముఖచిత్రం మీద కథానాయకుడు ఉంటాడు, గాయని పేరు వరసలో మూడోదో నాలుగోదో అయి ఫోను తెర అంచు దాటిపోతుంది. ఆ పేర్ల వరసను కుడివైపుకు జరిపి చూడండి.

ఈ కష్టం కొత్తది కాదని ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలనిపిస్తోంది. 1949లో ‘మహల్’ చిత్రంలోని ‘ఆయేగా ఆనేవాలా’ పాట రికార్డు వచ్చినప్పుడు దాని మీద గాయని పేరుగా ‘కామిని’ అని అచ్చు వేశారు. కామిని అన్నది ఆ చిత్రంలో మధుబాల ధరించిన పాత్ర పేరు. పాట విన్నవాళ్లు ఇది పాడినదెవరని ఆకాశవాణికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, రేడియోవారు రికార్డు కంపెనీని అడిగి తెలుసుకుని లతా మంగేష్కర్ పేరు ప్రకటించారు. అంటే ఆ గొంతుకు పేరు తెచ్చినవాళ్లలో మీలా ఉత్తరం రాసిన శ్రోతలు కూడా ఉన్నారు.

ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే లేకపోయింది. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గారైనా, మద్రాసు కేంద్రం ప్రయోక్తలైనా, పాట వేసే ముందు చిత్రం పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, పాడినవారి పేరు చెప్పి మరీ వేసేవారు. చదువు రాని మా పెద్దమ్మ సుశీల గొంతునూ, జిక్కి గొంతునూ, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతునూ ఒక్క ఆలాపనతో పట్టేసేదంటే, ఆ ప్రకటనలే ఆవిడకు పాఠశాల. చిన్న వీడియోలో పాట ఉంది, ఆ ప్రకటన లేదు. రీల్స్ మీద నాకున్న ఫిర్యాదు ముఖ్యంగా ఇదే.

ప్రశ్న: నేను పిల్లలకు సంగీతం నేర్పుతాను. ఇటీవల కొందరు పిల్లలు సినిమా పాటలను అసలు శ్రుతి కంటే చాలా పైన ఎత్తుకుని, గొంతు చించుకుంటున్నారు. అడిగితే ‘ఫోనులో ఇలాగే ఉంది’ అంటున్నారు. ఈ వేగం పెంచిన పాటల సంగతేమిటి?
– ఒక సంగీత ఉపాధ్యాయిని, నంగనల్లూరు

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. పాత గ్రామఫోనులో 33 తిరుగుళ్ల రికార్డును 45 తిరుగుళ్ల మీద పెడితే ఘంటసాల గొంతు చిన్నపిల్లవాడి గొంతుగా మారడం మన తరం చూసిందే. ఇప్పుడు అదే పనిని యాప్‌లో చేస్తున్నారు. వేగం మాత్రమే పెంచి శ్రుతిని కదల్చకుండా ఉంచే సాధనాలు ఉన్నాయి, కానీ ఈ ధోరణిలో శ్రుతి పెరగడమే ఆకర్షణ కనుక దాన్ని కావాలనే వదిలేస్తారు.

లెక్క మీకు సులభంగా అందుతుంది. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు, పై షడ్జానికి చేరేసరికి కంపనాల సంఖ్య రెట్టింపు. కనుక వేగం సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. రీల్స్‌లో తరచుగా వినిపించే 25 శాతం పెంపు దగ్గర అది దాదాపు నాలుగు స్థానాలు అవుతుంది. గాయని ఐదున్నర శ్రుతిలో పాడిన పాట ఫోనులోకి వచ్చేసరికి పై ఒకటి శ్రుతికి చేరుతుంది. మూడు నిమిషాల పాట రెండు నిమిషాల ఇరవైనాలుగు సెకన్లలో ముగుస్తుంది. అంతేకాదు, గమకం కూడా అదే నిష్పత్తిలో తొందరపడుతుంది కనుక, తీరికగా ఊగవలసిన స్వరం వణికినట్లు వినిపిస్తుంది. గొంతులోని స్వాభావికమైన నాదగుణం కూడా పైకి జరిగి, ముప్పై ఏళ్ల గాయని పన్నెండేళ్ల పిల్లలా ధ్వనిస్తుంది. మీ శిష్యులు అనుకరిస్తున్నది ఏ మనిషీ పాడని గొంతును. అది వారి తప్పు కాదు, వారు విన్నది అదే.

దీనివల్ల లాభపడిన గాయనులూ ఉన్నారన్నది ఒప్పుకోవాలి. లేడీ గాగా 2011లో ఒక ఆల్బములో పాడి ఊరుకున్న ‘బ్లడీ మేరీ’, 2022 చివరలో ‘వెన్స్‌డే’ ధారావాహికలోని నృత్యానికి అభిమానులు వేగం పెంచి జతచేయడంతో పదకొండేళ్ల తరువాత ప్రపంచమంతా వినిపించింది. తమాషా ఏమిటంటే ఆ ధారావాహికలో ఆ నృత్యానికి వాడిన పాట వేరే. బ్రిటన్ గాయని రే కథ ఇంకా ఆసక్తికరం. రికార్డు కంపెనీతో విభేదించి 2021లో బయటికి వచ్చిన ఆమె, ఏ పెద్ద కంపెనీ అండ లేకుండా 2022లో విడుదల చేసిన ‘ఎస్కేపిజం’ వేగం పెంచిన రూపంలో చిన్న వీడియోల్లో పాకి, 2023 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది బ్రిట్ పురస్కారాల్లో ఆమె ఒక్క రాత్రిలో ఆరు గెలుచుకున్నారు.

మీకు నా సలహా ఒక్కటే. పిల్లలను ఫోను మానమని చెప్పవద్దు. వారు తెచ్చిన పాటనే తీసుకుని, అసలు రికార్డింగుతో పక్కపక్కన వినిపించి, రెండింటికీ తంబురా శ్రుతి పట్టించండి. తేడా ఎన్ని స్థానాలో వారినే చెప్పమనండి. స్వరజ్ఞానానికి ఇంతకంటే మంచి అభ్యాసం అలంకారాల్లో కూడా దొరకదని నా అనుమానం.

ప్రశ్న: ‘సామి సామి’ రాజలక్ష్మి పాట అని మా పక్కింటి తమిళ మిత్రురాలు, మౌనిక పాట అని నేను, మూడేళ్లుగా తగవు. తీర్పు చెప్పండి.
– ఒక గృహిణి, అంబత్తూరు

జవాబు: మూడేళ్ల తగవును ఒక వాక్యంలో తేల్చడం నాకే బాధగా ఉంది, ఇద్దరూ గెలిచారు. 2021లో వచ్చిన ‘పుష్ప’లో దేవిశ్రీ ప్రసాద్ స్వరపరిచిన ఆ పాటను తెలుగులో మౌనిక యాదవ్, తమిళంలో రాజలక్ష్మి పాడారు. అదే చిత్రంలోని ‘ఊ అంటావా’ను తెలుగులో ఇంద్రావతి చౌహాన్, తమిళంలో ఆండ్రియా, కన్నడంలో మంగ్లీ, మలయాళంలో రమ్యా నంబీశన్, హిందీలో కనికా కపూర్ పాడారు. ఒకే బాణీ, ఐదు భాషలు, ఐదు గొంతులు. అయినా ఆ రీల్స్ చూసేవారిని అడిగితే నూటికి తొంభైమంది ‘సమంత పాట’ అంటారు. ‘కావాలా’ అంటే తమన్నా పాట అంటారు. 2023లో ‘జైలర్’ కోసం దాన్ని పాడిన శిల్పా రావు జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన గాయని. తమిళ పాట పల్లవిలో తెలుగు మాట పెట్టి, ఆ మాటను ఆమె చేత పాడించి, దాన్ని తమిళులు ఊరూరా ఆడటం చూసి చెన్నై తెలుగువాళ్లం ఆ ఏడాది కొంచెం గర్వంగానే తిరిగాము. మరుసటి ఏడాది ‘దేవర’లో ఆమే ‘చుట్టమల్లే’ పాడారు.

మీ తగవు కంటే పెద్దది 2025 మే నెలలో ఈ నగరంలోనే జరిగింది. ‘థగ్ లైఫ్’ చిత్రానికి ఎ.ఆర్. రెహమాన్ స్వరపరిచిన ‘ముత్త మళై’ను తమిళంలో ఢీ అనే గాయని పాడారు, తెలుగు, హిందీ రూపాలను గాయని చిన్మయి పాడారు. పాటల విడుదల వేడుకకు ఢీ రాలేకపోవడంతో తమిళ రూపాన్ని కూడా వేదిక మీద చిన్మయే పాడారు. ఆ వేదిక ముక్క ఫోనుల్లో రికార్డును మించి తిరిగింది, సినిమాలో ఆమె గొంతే ఉండవలసిందని జనం వాదించడం మొదలుపెట్టారు. 2018 తరువాత తమిళ చిత్రసీమలో ఆమెకు అవకాశాలు మూసుకుపోయిన నేపథ్యం తెలిసినవారికి ఆ ఆదరణలో పాటను మించిన అర్థం కనిపించింది. దాన్ని నేను కాదనను. కానీ ఆ ఉత్సాహంలో ఢీని చిన్నబుచ్చడం నాకు నచ్చలేదు. ఒకరు సన్నివేశం కోసం, మైకు ముందు, దర్శకుడు అడిగిన తూకంలో పాడారు. మరొకరు నిండు సభలో, వాద్యబృందం నడుమ, విన్నవారి ఊపిరి అందుకుంటూ పాడారు. ‘రౌడీ బేబీ’, ‘ఎంజాయ్ ఎంజామి’ పాడిన గొంతు తన బలమేమిటో ఎప్పుడో చూపించింది. ఒక పాటకు రెండు గొంతులు దొరకడం అదృష్టమే తప్ప పోటీ కాదు. మీరూ మీ మిత్రురాలూ ఒకరి రూపాన్ని ఒకరు నేర్చుకుని పాడుకోండి.

ప్రశ్న: మేము ఇంటి నుంచే చీరల వ్యాపారం చేస్తాము. చీరల వీడియోలకు బాగా తిరుగుతున్న పాటలు పెట్టుకుందామంటే, వ్యాపార ఖాతాగా మార్చినప్పటి నుంచి ఆ పాటలు కనిపించడం లేదు. మామూలు ఖాతాలో పెట్టుకుంటే తప్పా? అసలు ఆ పాడినవారికి ఏమైనా డబ్బు వెళుతుందా?
– ఒక వ్యాపారి, త్యాగరాయనగర్

జవాబు: పాటలు కనిపించకపోవడం సాంకేతిక లోపం కాదు. ఇన్‌స్టాగ్రామ్ రికార్డు కంపెనీలతో చేసుకున్న ఒప్పందాలు వ్యక్తిగత వినోదానికి మాత్రమే వర్తిస్తాయి. సరుకు అమ్మడానికి వాడితే అది ప్రకటన కిందికి వస్తుంది, దానికి వేరే అనుమతి, వేరే సొమ్ము ఉండాలి. మామూలు ఖాతా పేరుతో పెట్టినా ఆ వీడియోలో చీర ధర ఉన్నంతకాలం అది వ్యాపారమే. వీడియో మూగబోవచ్చు, తొలగించవచ్చు, హక్కుదారు నుంచి నోటీసూ రావచ్చు. వ్యాపార ఖాతాల కోసం మెటా సౌండ్ కలెక్షన్ ఉంది, యూట్యూబులో ఆడియో లైబ్రరీ ఉంది. అందులో పెద్ద పేర్లు ఉండవు, మీ చీర బాగుంటే అవి అవసరమూ లేదు.

రెండో ప్రశ్నకు జవాబు అంత సుఖమైనది కాదు. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబు వంటి వేదికల నుంచి వచ్చే సొమ్ము ముందుగా రికార్డింగు హక్కులున్న కంపెనీకి చేరుతుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటాను వదులుకోలేని హక్కుగా చేసింది, సినిమాలో పాడిన గాయనికి కూడా ఆ గానాన్ని వాణిజ్యపరంగా వాడినప్పుడు రాయల్టీ ఉంటుందని చెప్పింది. రచయితలు, స్వరకర్తల తరఫున 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్, గాయనీగాయకుల తరఫున 2013లో ‘ఇస్రా’ పేరుతో ఏర్పడిన ఇసామ్రా అనే సంస్థలు ఆ వసూళ్లు చూస్తాయి. అయితే ఎవరో వేగం మార్చి ‘ఒరిజినల్ ఆడియో’ పేరుతో ఎక్కించిన ముక్కను యంత్రం గుర్తించకపోతే, ఆ వాడకం ఎవరి లెక్కలోనూ పడదు. కేట్ బుష్ పాట అన్నేళ్లకు తిరిగి వచ్చినప్పుడు ఆమెకు గట్టి ఆదాయం రావడానికి కారణం ఆ రికార్డింగు హక్కులు ఆమె చేతిలోనే ఉండటం. ఒక పాటకు ఇంతని పారితోషికం తీసుకుని ఇంటికి వెళ్లిన మన గాయనులకు ఆ వీలు ఎక్కడిది?

ప్రశ్న: పన్నెండేళ్ల మా అమ్మాయి ఐటం పాటలకు ఆడి వీడియో పెడతానంటోంది. ఒప్పుకోవచ్చా?
– ఒక తల్లి, అయనావరం

జవాబు: ఆడటానికి ఒప్పుకోండి, పెట్టడానికి వద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడానికి కనీస వయస్సు పదమూడు, అక్కడికే ప్రశ్న తేలిపోయింది. పాటల సంగతంటారా, 1971లో ‘ప్రేమ్‌నగర్’లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన ‘లేలేలేలే నా రాజా’కు మన ఇళ్లలో ఎంతమంది అమ్మాయిలు అద్దం ముందు ఆడారో మీ అమ్మగారిని అడిగి చూడండి. అప్పుడు చూసింది అద్దం మాత్రమే. ఇప్పుడు చూసేది ఎవరో మనకు తెలియదు, తేడా అంతే.

ప్రశ్న: నాకు ఇరవై రెండేళ్లు, కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. పాత పాటల పల్లవులను నా గొంతుతో పాడి చిన్న వీడియోలుగా పెడుతున్నాను. దీనివల్ల గాయనిగా పేరు వస్తుందా? చట్టపరంగా ఇబ్బందులుంటాయా?
– ఒక వర్ధమాన గాయని, విరుగంబాక్కం

జవాబు: పేరు రావచ్చుననడానికి పొరుగు దేశం నుంచే ఉదాహరణ ఉంది. శ్రీలంక గాయని యోహాని 2021 మే నెలలో తిరిగి పాడిన ‘మణికే మగే హితే’ సింహళ భాష ఒక్క ముక్క తెలియని మన ఊళ్లలో కూడా పెళ్లి వీడియోల్లోకి వచ్చింది, మరుసటి ఏడాది హిందీ సినిమాలోకి చేరింది. అది అంతకు ముందు ఏడాది వచ్చిన పాటకు ఆమె పాడిన కొత్త రూపం, మూల గాయకుడు కూడా ఆమెతో కలిసి పనిచేశారు. ఆ రెండో సంగతిని చాలామంది మరచిపోతారు. ఇక్కడే విడుదలైన ‘ఆస కూడ’ (2024) సినిమా పాట కాకపోయినా, సాయి అభ్యంకర్‌తో కలిసి పాడిన ఆయన సోదరి సాయి స్మృతి గొంతును తమిళనాడు అంతటా పరిచయం చేసింది. వారి తల్లి హరిణి తెలుగులోనూ పాడిన గాయని కనుక, ఆ గొంతులో ఏదో తెలిసిన పోలిక వినిపించిందని మా ఇంట్లో ముందే అనుకున్నాము.

చట్టం సంగతి. కాపీరైట్ చట్టంలోని 31సి విభాగం ప్రకారం, ఒక పాట మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిసి ఐదేళ్లు నిండితే, ముందుగా తెలియజేసి, రాయల్టీ చెల్లించి, దాన్ని మీ గొంతుతో శబ్ద రికార్డింగుగా విడుదల చేయవచ్చు. మాటలు, బాణీ ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీల్లేదు. ఇది శబ్దానికి మాత్రమే వర్తిస్తుంది, దానికి దృశ్యం జోడిస్తే వేరే అనుమతి అవసరమవుతుంది. ఆచరణలో యూట్యూబు వంటి వేదికలు మీ ముక్కను గుర్తించి, దాని మీద వచ్చే ఆదాయాన్ని మూల హక్కుదారుకు మళ్లించి ఊరుకుంటాయి. అదే పాటతో మీరు సొమ్ము చేసుకోవాలనుకున్న రోజున మాత్రం న్యాయవాదిని కలవండి.

ఆ విభాగంలోనే ఇంకొక షరతు ఉంది, చాలామంది చదవరు. కొత్తగా పాడి విడుదల చేసేవారు, పాడినది మూల గాయనియే అన్న భ్రమ కలిగేలా దాన్ని అమ్మకూడదు. 38బి విభాగం మరోవైపు నుంచి అదే మాట అంటుంది, తన గానానికి తానే గాయనినని గుర్తింపు కోరే హక్కు పాడిన మనిషికి ఉందని. కనుక మీ వీడియో కింద చిత్రం పేరు, సంవత్సరం, రచయిత, స్వరకర్త, మొదట పాడినవారు, ఆ తరువాత మీ పేరు, అదే వరసలో తెలుగులో రాయండి. వీలైతే పల్లవి ఎత్తుకునే ముందు రెండు సెకన్లలో ఆ పేర్లు నోటితోనూ చెప్పండి. మీరు మాకు పంపిన ముక్కలో పాడినది 1950ల నాటి జిక్కి పాట. శ్రుతి బాగుంది, రెండో పంక్తిలో ఊపిరి తొందరపడింది, ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.